సీసా స్పేసర్ డైరీ: పంపు మందు ఎక్కడ ఆగిపోతోంది?

సార్వా కోతలు మొదలయ్యాయి. కోనసీమలో అంబాజీపేట చుట్టుపక్కల నూర్పిళ్ల దుమ్ము, గడ్డి కాల్చిన పొగ, పీచు మిల్లుల నుసి మూడూ ఒకేసారి గాల్లో ఉండే రోజులివి. ఉబ్బసం ఉన్న పిల్లల ఇళ్లలో ఆయాసం తగ్గించే సాల్బుటమాల్ పంపు ఉంటోంది, పంపుకూ నోటికీ మధ్య పెట్టే ఖాళీ గొట్టం, స్పేసర్, మాత్రం చాలాచోట్ల లేదు. పంపు నేరుగా నోట్లో పెట్టి నొక్కుతున్నారు. ఆయాసం తగ్గకపోతే "ఈ మందు మా వాడికి పడటం లేదండీ" అంటున్నారు. నిజానికి ఆ మందు చాలావరకు ఊపిరితిత్తుల దాకా వెళ్లనే లేదు, గొంతులోనే పడిపోయింది.

ప్రాజెక్టులో పనులు రెండు. 500 మి.లీ. ప్లాస్టిక్ సీసాతో స్పేసర్ తయారుచేసి, అది ఎక్కడ చెడుతుందో పట్టుకోవడం ఒకటి. పంపులోంచి వచ్చిన మందు ఏ మలుపులో ఎంత ఆగిపోతోందో కంటికి కనపడేలా ఒక పరీక్ష బల్ల కట్టడం రెండోది. రెండో పనికే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. కళ్లారా చూస్తే తప్ప ఖాళీ సీసా మీద ఇంట్లో పెద్దవాళ్లకు నమ్మకం కుదరదు.

1వ రోజు: కాగితం మీద లెక్క

డబ్బాలో మందు పొడి, దాన్ని తోసే హెచ్‌ఎఫ్‌ఏ ద్రవం కలిసి ఒత్తిడిలో ఉంటాయి. నొక్కగానే తుంపర సెకనుకు 30 మీటర్ల దాకా వేగంతో బయటికొస్తుంది. నాలుక దాటి గొంతు దగ్గర తొంభై డిగ్రీల మలుపు ఉంటుంది. అంత వేగంలో ఉన్న బరువైన చుక్క ఆ మలుపు తిరగలేదు, గొంతు వెనక గోడకు కొట్టుకుని అక్కడే అతుక్కుంటుంది. 1 నుంచి 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉన్న సన్నటి కణాలే ఊపిరితిత్తుల లోపలి గొట్టాల దాకా పోగలవు. పీల్చే పద్ధతి బాగా కుదిరినవాళ్లలోనే నేరుగా కొట్టిన మందులో సుమారు 10 నుంచి 20 శాతం ఊపిరితిత్తులకు చేరుతుంది. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరని ఆరేళ్ల పిల్లాడి సంగతి ఇక చెప్పక్కర్లేదు. 1956లో మొదటి పంపు మార్కెట్లోకి వచ్చిన నాటినుంచీ ఉన్న చిక్కే ఇది.

మధ్యలో స్పేసర్ పెడితే మూడు మార్పులొస్తాయి. తుంపర ఆ గదిలో వేగం తగ్గించుకుంటుంది. చుక్కల చుట్టూ ఉన్న ద్రవం ఆవిరైపోయి కణం సన్నబడుతుంది. బరువైన కణాలు పిల్ల గొంతులో పడే బదులు సీసా గోడకే అంటుకుంటాయి. నొక్కడానికీ పీల్చడానికీ మధ్య క్షణం ఆలస్యమైనా మందు వృథా కాదు, అది అదనపు లాభం.

సీసా వాడకం మా ఊహ కాదు. 1999లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో 5 నుంచి 13 ఏళ్ల పిల్లల మీద జరిగిన పరిశోధనలో కొన్న స్పేసర్, అంచు సీలు చేసిన 500 మి.లీ. సీసా, సీలు చేయని సీసా, థర్మోకోల్ కప్పు నాలుగూ పోల్చి చూశారు. సీలు చేసిన సీసా కొన్న స్పేసర్‌తో సమానంగా పనిచేసింది. ఆయాసం ఎక్కువగా ఉన్న పిల్లల్లో కప్పు అన్నిటికన్నా వెనకబడింది. "సీలు చేసిన" అన్న మాటను పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాం. ఈ పనిలో సగం కష్టం అక్కడే ఉంది.

3వ రోజు: సీసా ఎంపిక

బడ్డీకొట్ల దగ్గర ఏరిన సీసాలు ఇరవై దాకా ముందు పెట్టుకున్నాం. కూల్‌డ్రింక్ సీసా గోడ మందంగా, గట్టిగా ఉంటుంది, అందుకని మొదట దాని మీదే మనసు పోయింది. కానీ దాని అడుగు ఐదు కాళ్లుగా ఉంటుంది. నడిమి భాగం మరీ మందం, కాళ్ల మధ్య లోయలు. అక్కడ కోడిగుడ్డు ఆకారపు రంధ్రం తీస్తే ఓ పక్క అంచు పంపును తాకుతుంది, ఇంకో పక్క వేలు దూరేంత సందు ఉంటుంది. ఎంత టేపు చుట్టినా సందు మూసుకోలేదు. అడుగు చదునుగా ఉన్న నీళ్ల సీసాలే పనికొచ్చాయి. వాటిలోనూ చేత్తో పట్టుకుంటే టపటపమని నలిగే పలచటి రకం వద్దు. నొక్కినప్పుడు సీసా కదిలి సీలు ఊడుతుంది, ఆ చప్పుడుకి చిన్నపిల్లలు తల పక్కకి తిప్పేస్తారు.

పరిమాణం కూడా చూశాం. 200 మి.లీ. జ్యూసు సీసాలో నోటి వైపు గోడ పంపుకు బాగా దగ్గర, తుంపర నెమ్మదించేలోపే గోడకు తగిలి తెల్లగా అంటుకుంది. లీటరు సీసాతో ఇబ్బంది వేరు. పిల్ల మామూలు ఊపిరిలో కిలో బరువుకు 7 మి.లీ. చొప్పున గాలి లోపలికి పోతుందనుకుంటే, 15 కిలోల పిల్లకు ఒక ఊపిరికి నూరు మి.లీ. పైచిలుకు. 500 మి.లీ. సీసా ఖాళీ కావడానికి ఐదారు ఊపిరులు పడుతుంది. లీటరు సీసాకి పది దాటాలి, అప్పటికి మందు చాలావరకు గోడల మీదే సర్దుకుంటుంది. అర లీటరు దగ్గర ఆగాం.

ముందుగా చేయాల్సిన పని ఒకటుంది. మూత తీశాక సీసా మెడకు ప్లాస్టిక్ రింగు మిగులుతుంది, దాన్ని కత్తిరించి తీసేయాలి. వదులైతే పిల్ల నోట్లోకి జారుతుంది. లేబుల్ జిగురు వదలకపోతే పైవైపు కొబ్బరినూనె రాసి పది నిమిషాలాగి తుడిస్తే పోతుంది. నూనె సీసా లోపలికి మాత్రం చేరకూడదు.

4, 5 రోజులు: రంధ్రం

మొదటి సీసాకు రంధ్రం పక్కగోడకు పెట్టాం, చేయడం తేలిక కదా అని. అది తప్పు. పంపు మూతి ఎదుటి గోడకు ఆరు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది, కొట్టిన మందు కొట్టినట్టే ఎదుటి గోడ మీద మచ్చ కట్టింది. రంధ్రం అడుగునే ఉండాలి. తుంపర సీసా పొడుగునా ప్రయాణించి మెడ వైపు రావాలి. సీసాను అడ్డంగా పడుకోబెట్టి పట్టుకుంటే పంపు డబ్బా నిటారుగా ఉండాలి.

కత్తితో కోస్తే అంచు ఎప్పుడూ వంకరే. తీగ పద్ధతే నయం. 2 మి.మీ. జీఐ తీగను పంపు మూతి చుట్టూ ఒకసారి చుట్టి అదే ఆకారంలో వంచాలి, తర్వాత ఆ చుట్టును మూతికన్నా ఒక మిల్లీమీటరు చిన్నదిగా నొక్కుకోవాలి. మిగిలిన తీగ జానెడు పొడుగు పిడిలా ఉంటే పట్టకారుతో పట్టుకోవచ్చు. గ్యాస్ మంట మీద పాతిక సెకన్లు వేడిచేసి, సీసా అడుగు మధ్యలో నిలువుగా ఆనించి నొక్కితే రెండు మూడు సెకన్లలో దిగిపోతుంది. కరిగిన బిళ్లను బయటికి లాగేసి, అంచు ఇంకా వెచ్చగా ఉండగానే పంపు మూతిని దూర్చాలి. డబ్బా తీసేసిన ఖాళీ ప్లాస్టిక్ బాడీనే వాడాలి, మందు డబ్బా మంట దగ్గరికి రాకూడదు. అది ఒత్తిడిలో ఉంటుంది. మెత్తబడిన అంచు మూతి ఆకారాన్నే పట్టుకుని గట్టిపడుతుంది.

రెండు విధాలుగా చెడింది. తీగ ఎర్రగా కాలేదాకా ఉంచితే ప్లాస్టిక్ నల్లగా మాడి, అంచున పెళుసు ముక్కలు నిలిచాయి. ఆ ముక్క ఊడితే నేరుగా పిల్ల ఊపిరిలోకే. తీగ చాలినంత వేడెక్కకపోతే ప్లాస్టిక్ నిదానంగా కరిగి, రంధ్రం చుట్టూ పాలలా తెల్లబడింది. ఈ రకం ప్లాస్టిక్ నిదానంగా వేడెక్కితే గట్టిగా, పెళుసుగా మారుతుంది. పంపు నాలుగైదుసార్లు తీసి పెట్టేసరికి ఆ తెల్లటి వలయం పగిలింది. తెల్ల వలయం వచ్చిన సీసాలను పక్కన పడేస్తున్నాం.

ఈ పని ఆరుబయటే చేయాలి. కరిగే ప్లాస్టిక్ పొగ ఉబ్బసం ఉన్నవాళ్లకు అసలు పనికిరాదు, పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వొద్దు. చేసిన సీసాను నీళ్లతో నింపి, గట్టిగా ఆడించి, బోర్లించి తట్టి, వెలుతురుకు ఎత్తిపట్టి లోపల ముక్కలేమైనా ఉన్నాయేమో చూడాలి. ఒకసారి కాదు, మూడుసార్లు.

8వ రోజు: సీలు

అంచు సరిగ్గా కుదిరినా సన్నటి సందు మిగులుతుంది. పిల్ల పీల్చేటప్పుడు గాలి ఆ సందులోంచి వస్తే సీసాలోని మందు మేఘం పూర్తిగా కదలదు, నొక్కినప్పుడు కొంత మందు ఆ సందులోంచి వెనక్కి చిమ్ముతుంది. సిలికాన్ సీలెంటు వాడి చూశాం. గాలి బాగా ఆగింది కానీ ఆరడానికి రోజంతా పట్టింది, వెనిగర్ వాసన రెండు రోజులు వదల్లేదు. అంతకన్నా పెద్ద అభ్యంతరం ఉంది. పంపు సీసాకు అంటుకుపోతే బాడీని కడగలేరు, నాజిల్ మూసుకుపోతుంది. పీచు పరిశ్రమలో వాడే జిగుర్ల సలహాలు కూడా వచ్చాయి. లోపలికి పీల్చే వస్తువు మీద ఊరూపేరూ లేని జిగురు వాడం.

చివరికి సైకిల్ ట్యూబు గెలిచింది. రెండు సెంటీమీటర్ల వెడల్పు పట్టీ కత్తిరించి, సబ్బునీళ్లతో రుద్ది లోపలి పౌడరు పోయేలా కడిగి ఆరబెట్టి, పంపు మూతి చుట్టూ బిగించి రంధ్రంలోకి తోశాం. రబ్బరు రంధ్రం అంచున నలిగి సందు మూసేసింది. పరీక్ష తేలిక: డబ్బా బిగించిన పంపును అమర్చి, పంపు వెనకవైపు గాలి సందులను వేళ్లతో మూసి సీసా నోటితో పీల్చాలి. గోడలు లోపలికి లాగినట్టయితే సీలు బాగున్నట్టు. తేలిగ్గా గాలి వస్తే ఎక్కడో కారుతున్నట్టు. మందు పీల్చేటప్పుడు మాత్రం ఆ సందులు తెరిచే ఉండాలి, లోపలికి గాలి రావాల్సింది అక్కడినుంచే.

11వ రోజు: గోడలకు పట్టే మందు

కొత్త ప్లాస్టిక్ సీసాను పొడి తువ్వాలుతో తుడిచి, సన్నటి కొబ్బరి పీచు నుసి మీద పెడితే నుసి ఎగిరి గోడకు అంటుకుంటుంది. అదే స్థిర విద్యుత్తు. మందు కణాలతోనూ అంతే, గాలిలో తేలాల్సినవి గోడకు లాగబడతాయి. కొన్న స్పేసర్‌ని కూడా ప్యాకెట్టులోంచి తీసి నేరుగా వాడితే ఇదే జరుగుతుంది, అన్నీ స్థిర విద్యుత్తు నిలవని ప్లాస్టిక్‌తో చేసినవి కావు.

విరుగుడు అంట్లు తోమే లిక్విడ్. లీటరు గోరువెచ్చటి నీళ్లకు అర చెంచా కలిపి, సీసాను అందులో పావుగంట ముంచి, తీసి, నీళ్లు వంపేసి నీడలో బోర్లించి ఆరనివ్వాలి. లోపల మంచినీళ్లతో కడగకూడదు, గుడ్డతో తుడవకూడదు. పలచటి సబ్బు పొర గోడ మీద మిగలాలి. ఆ పొర గాల్లోని తేమను కాస్త పట్టి ఉంచి, విద్యుత్తు నిలవకుండా జారిపోయేలా చేస్తుంది. నోట్లో పెట్టే మెడ భాగాన్ని మాత్రం కడగొచ్చు, లేకపోతే సబ్బు రుచికి పిల్లలు మొహం తిప్పుకుంటారు. సలసల మరిగే నీళ్లు వద్దు, ఈ సీసా 70 డిగ్రీల దరిదాపుల్లోనే మెత్తబడి వంకర పోతుంది.

సబ్బునీళ్లు లేనిచోట కొత్త సీసాలోకి పది, పదిహేనుసార్లు మందు కొట్టి గోడకు పూత పట్టించే పద్ధతి ఉంది. పనిచేస్తుంది, కానీ అంత మందు వృథా. ఒక్క అర చెంచా లిక్విడ్‌తో అయ్యే పనికి ఇది దండుగ.

ఆరబెట్టాక అదే పీచు నుసితో మళ్లీ చూశాం. నుసి ఎగరలేదు. ఇళ్లకు తీసుకెళ్లి చూపించడానికి ఇంతకన్నా సులువైన పరీక్ష లేదు.

16 నుంచి 22: పరీక్ష బల్ల

ప్రయోగశాలల్లో ఇలాంటివాటికి గాలిని పీల్చే పంపులు, పొరలుపొరలుగా కణాలను వేరుచేసే యంత్రాలు ఉంటాయి. ఇక్కడ 20 లీటర్ల నీళ్ల క్యానుతో సరిపెట్టాం. కింద ముక్కాలంగుళం బాల్ వాల్వు, పైమూతకు పైపు. క్యాను నింపి వాల్వు తిప్పితే నీళ్లు కారినంత మేర పైనుంచి గాలి లాగుతుంది. ఎంత నీరు కారిందో అంత గాలి, కింద పెట్టిన కొలత బకెట్టే లెక్క చెబుతుంది. మొదటి 5 లీటర్లు 12, 13 సెకన్లలో కారాయి, అంటే నిమిషానికి 24 లీటర్ల చొప్పున. క్యానులో నీటిమట్టం తగ్గేకొద్దీ వేగం తగ్గుతుంది కాబట్టి ప్రతి పరీక్షా నిండు క్యానుతోనే మొదలవ్వాలి.

మొదటి క్యాను పలచటిది, గాలి లాగుడికి పక్కలు లోపలికి కుంగి మూత దగ్గర గాలి కారింది. గట్టి రకం క్యాను, మూత చుట్టూ టెఫ్లాన్ టేపు, పైపు చుట్టూ ఎం-సీల్ వేశాక నిలిచింది.

గొంతు బదులు కరెంటు వైర్లకు వాడే 25 మి.మీ. నల్ల కాండ్యూట్ పైపు బెండు, తొంభై డిగ్రీలది. మందు పొడి తెల్లగా ఉంటుంది కాబట్టి నల్లటి గొంతు కావాలి. లోపల పలచగా గ్లిజరిన్ రాశాం, లేకపోతే కణాలు గోడకు తగిలి ఎగిరి ముందుకుపోతాయి. నిజమైన గొంతు తడిగా ఉంటుంది కదా. బెండు తర్వాత పైపు యూనియన్‌లో రెండు మడతల నల్ల పాప్లిన్ బట్ట బిగించాం. అది ఊపిరితిత్తులకు బదులు. సీసా మెడకూ బెండుకూ మధ్య సైకిల్ ట్యూబు తొడుగు.

పరీక్షలన్నీ గడువు దాటిన సాల్బుటమాల్ పంపులతోనే. పొడి తేలే రకం పంపే కావాలి. కొన్ని బెక్లోమెథసోన్ పంపుల్లో మందు పూర్తిగా కరిగి ఉంటుంది, వాటితో బట్ట మీద తెలుపు తేలదు. పరీక్షకు పదిసార్లు కొట్టాం. ప్రతిసారీ పంపును బాగా ఊపి, నొక్కి, వెంటనే 2 లీటర్ల నీళ్లు వదిలి వాల్వు కట్టేశాం. ముందూ వెనకా డబ్బాను నగల తూకం మీద పెట్టి చూశాం. పది నొక్కులకు తగ్గే బరువు పరీక్షకీ పరీక్షకీ దాదాపు ఒకేలా ఉండాలి, తేడా వస్తే నాజిల్ మూసుకుపోయినట్టో, సరిగా నొక్కనట్టో. గదిలో కిటికీలు తెరిచి, మాస్కులు పెట్టుకుని చేయాలి. ఈ మందు పీలిస్తే చేతులు వణుకుతాయి, గుండె వేగం పెరుగుతుంది.

23, 24: ఏం కనపడింది

నేరుగా కొట్టినప్పుడు బెండు బయటి వంపులో తెల్లటి మచ్చ గట్టిగా కట్టింది, వేలితో రాస్తే పొడి వచ్చింది. బట్ట మీద తెలుపు లేతగా, చూసీ చూడనట్టుగా ఉంది. సబ్బునీళ్లలో ముంచి ఆరబెట్టిన సీసా పెట్టాక బెండు దాదాపు నల్లగానే మిగిలింది. బట్ట మీద రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చ స్పష్టంగా తేలింది. సీసా లోపల మెడ కిందుండే భుజం దగ్గర తెల్లటి పొగపూత, గొంతులో పడాల్సిన బరువైన కణాలు అక్కడ ఆగాయి. ఈ మూడు చోట్లూ పక్కపక్కన పెడితే స్పేసర్ పనేంటో వేరే చెప్పక్కర్లేదు.

తువ్వాలుతో రుద్దిన కొత్త సీసా అయితే గోడంతా తెల్లబడి, బట్ట మచ్చ పలచబడింది. గొంతును కాపాడింది కానీ ఊపిరితిత్తులకు అందాల్సిన సన్నటి కణాలను కూడా తానే మింగేసింది.

ఆలస్యం పరీక్ష అందరూ చూడాల్సింది. నొక్కిన వెంటనే, 5 సెకన్లకు, 10కి, 30కి ఒక్కో బట్ట. ముప్పై సెకన్ల బట్ట మీద మిగిలింది నీడ మాత్రమే. సీసాలోకి కొట్టి "రా అమ్మా, పీల్చు" అని పిల్లను పిలిచేలోపు జరిగేది ఇదే. సీసా పిల్ల నోట్లో పెట్టి, పెదాలు చుట్టూ మూసుకున్నాకే నొక్కాలి.

నాలుగుసార్లు వరసగా కొట్టి ఒకేసారి లాగిన బట్టనూ, ఒక్కోసారి కొట్టి ఒక్కోసారి లాగిన బట్టనూ పోల్చాం. వరసగా కొట్టినదే పలచన. కణాలు ఒకదానికొకటి తగిలి ముద్దలై బరువెక్కి రాలిపోతాయి, మొదటి నొక్కు మందు నాలుగో నొక్కు అయ్యేసరికి గోడెక్కుతుంది. ఆయాసం ఎక్కువైనప్పుడు కంగారులో ఇళ్లలో చేసేది ఇదే పొరపాటు. ఒక నొక్కు, ఐదు ఊపిరులు, పంపు ఊపడం, మళ్లీ ఒక నొక్కు. ఎన్ని నొక్కులన్నది డాక్టరు కాగితం మీద రాసిచ్చిన లెక్క, ఈ వరస మాత్రం మారకూడదు.

ఒక మాట రాసిపెట్టుకోవాలి: ఇది నల్లబట్ట మీద తెలుపు పోలిక, మైక్రోగ్రాముల కొలత కాదు. పైగా క్యాను గాలిని ఏకధాటిగా లాగుతుంది, పిల్ల ఊపిరి లోపలికీ బయటికీ ఆడుతుంది. ఏది మెరుగు, ఏది తరుగు అని చూడటానికే ఈ బల్ల.

29వ రోజు: వాల్వు, మాస్కు

కొన్న స్పేసర్లలో పీల్చేటప్పుడు తెరుచుకుని, వదిలేటప్పుడు మూసుకునే వాల్వు ఉంటుంది. వదిలిన ఊపిరి మందు మేఘంలోకి పోదు. చేతి గ్లౌజు రబ్బరు బిళ్లతో సీసా మెడలో అలాంటిది పెట్టి చూశాం. పెద్దవాళ్లు పీల్చినప్పుడు తెరుచుకుంది. చిన్నపిల్లల ఊపిరంత లాగుడికి కదల్లేదు, మెడ తడైతే అంటుకుపోయింది. పైగా ఊడిపడే అవకాశం ఉన్న రబ్బరు ముక్క నోటికి అంత దగ్గర! మానేశాం. వాల్వు లేని సీసాలో పిల్ల మామూలుగా ఐదుసార్లు పీల్చి వదిలితే చాలు. గట్టిగా ఊదొద్దని మాత్రం చెప్పాలి.

నాలుగైదేళ్ల లోపు పిల్లలకు సీసా పనికిరాదు, మెడ చుట్టూ పెదాలు బిగించలేరు. వాళ్లకు మాస్కుతో వచ్చే చిన్న స్పేసరే కొనాలి. మాస్కు ముక్కు పక్కన సన్నగా లేచినా మందు అక్కడినుంచి పోతుంది. ఏడుస్తున్న పిల్లకు పెడితే ఊపిరితిత్తులకు అందేది చాలా తక్కువ, ఏడుపులో పీల్చడం పొట్టిగా, వేగంగా ఉంటుంది. ముందు ఖాళీ మాస్కుతో ఆడించి అలవాటు చేయడమే దారి. పెద్దపిల్లలూ పెద్దవాళ్లూ ఐదు ఊపిరుల బదులు ఒక్కసారి నిదానంగా నిండుగా పీల్చి, పది సెకన్లు బిగబట్టినా సరే.

ఫిబ్రవరి: ఇళ్లలో

రొటాక్యాప్‌లు, అంటే పొడి మందు నింపిన క్యాప్సూళ్లు, పీల్చేవాళ్లు చాలామంది సీసా అడిగారు. ఆ పొడి మందుకు స్పేసర్ అక్కర్లేదు, పెట్టకూడదు కూడా. అది పీల్చే బలంతోనే లేస్తుంది.

"ఆవిరి పెట్టిస్తే తగ్గుద్ది గానీ ఈ సీసాతో ఏం తగ్గుద్దండీ?" అన్నది ప్రతి వీధిలోనూ వచ్చిన ప్రశ్న. ఆవిరి అంటే వాళ్ల ఉద్దేశం నెబులైజర్, మందు ద్రవాన్ని పొగలా మార్చి ఇచ్చే యంత్రం. అందులో పొగ కనపడుతుంది, చప్పుడు వినపడుతుంది, పది నిమిషాలు నడుస్తుంది. స్పేసర్‌లో అవేం ఉండవు. ఆస్పత్రుల్లో జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసిన సమీక్షల్లో, ప్రాణాపాయం లేని ఆయాసానికి స్పేసర్‌తో ఇచ్చిన పంపు నెబులైజర్‌కు తీసిపోలేదని తేలింది. పిల్లల్లో గుండెదడ కూడా తక్కువ. కరెంటు అక్కర్లేకపోవడం డెల్టాలో చిన్న విషయం కాదు. 1996 నవంబరు తుపాను తర్వాతి చీకటి రోజులు, 2022 జూలై వరదలో నీళ్లమధ్య చిక్కిన లంక గ్రామాలు గుర్తున్నవాళ్లకు ఈ మాట వెంటనే ఎక్కింది. నల్లబట్టలు చూపించాక మిగిలినవాళ్లూ ఒప్పుకున్నారు.

ఇళ్లలో కనపడ్డ తప్పులు: పంపు ఊపకుండా నొక్కడం. డబ్బాలో మందు ఎంతుందో చూడటానికి నీళ్లలో తేల్చడం. అలా చేస్తే లెక్క తేలదు సరికదా వాల్వు తడిసి పాడవుతుంది. 200 నొక్కుల డబ్బా రోజుకు 4 చొప్పున 50 రోజులు, క్యాలెండరు మీద తేదీకి సున్నా చుడితే సరి. నెలల తరబడి కడగని నాజిల్ మరో తప్పు. వారానికోసారి డబ్బా తీసేసి బాడీని గోరువెచ్చటి నీళ్ల ధార కింద అర నిమిషం పట్టి, పూర్తిగా ఆరాకే డబ్బా పెట్టాలి. బుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్ పంపు వాడేవాళ్లు సీసా వాడినా నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. నోట్లో తెల్లపూత, గొంతు బొంగురు సీసాతో తగ్గుతాయి, పుక్కిలిస్తే ఇంకా తగ్గుతాయి.

మాట తెగితెగి వస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా, పంపు వాడాక కూడా ఉపశమనం లేకపోయినా 108కి ఫోన్ చేయాలి, వచ్చేదాకా సీసాతో మందు ఆపకూడదు. ఇచ్చిన ప్రతి సీసా మీదా ఈ నాలుగు ముక్కలు స్కెచ్చు పెన్నుతో రాసి, పైన సెలోటేపు వేశాం.

మే: ఎండ

బండి సీటు కింద డిక్కీలో పెట్టిన పంపులు చేతికి చురుక్కుమన్నాయి. డబ్బా 50 డిగ్రీలు దాటితే పేలే ప్రమాదముంది. సీసాలు కూడా రెండు వంకరపోయి సీలు వదిలాయి. పంపు, సీసా రెండూ ఇంట్లో గూట్లోనే.

జూలై: ముసురు

వాన మొదలయ్యాక కొత్త ఇబ్బంది. సబ్బునీళ్లలో ముంచిన సీసా రాత్రి బోర్లిస్తే తెల్లారేసరికి ఆరడం లేదు, రెండో రోజుకీ భుజం దగ్గర చుక్కలు నిలిచాయి. తడి గోడకు మందు తాకితే అక్కడే కరిగిపోతుంది, తడి సీసాతో చేసిన పరీక్షలో బట్ట మచ్చ బాగా పలచబడింది. అందుకే ఇంటికి రెండు సీసాలు ఇస్తున్నాం. నెలకోసారి ఒకటి ముంచి ఆరబెడుతుంటే రెండోది వాడకంలో ఉంటుంది. ఆరిన సీసాను మెడకు మూత బిగించి, పంపు రంధ్రాన్ని పాలిథిన్ కవరుతో కప్పి దాచాలి. ఒకచోట సీసాలో చీమలు కనపడ్డాయి. వాడబోయే ముందు ప్రతిసారీ వెలుతురుకు పట్టి చూడటం అందుకే తప్పనిసరి చేశాం.

పాత సీసాల్లో మూడింటికి రంధ్రం చుట్టూ వెంట్రుకంత పగుళ్లు వచ్చాయి, మూడూ మార్చాం. పగులు కనపడినా, సైకిల్ ట్యూబు వదులైనా, గోడ మసకబారి లోపల కనపడకపోయినా సీసా మార్చేయాలి. తీగ చుట్టు మాత్రం మొదట వంచినదే, ఇంకా సరిగ్గానే ఉంది. వరద నీళ్లు ఎగదన్నకముందే లంకల వైపు పంపాల్సిన ఎనిమిది జతలు సబ్బునీళ్లలోంచి తీసి బోర్లించాం, ఎల్లుండికి ఆరతాయి.